తక్కువ ఖర్చుతో ఇంగ్లండు పల్లెసీమల సందర్శనం: బాట, బస, బస్సు

ఇంగ్లండు అనగానే మనవారికి మొదట తోచేది లండను నగరం. రాణివాసపు భవనాలు, గడియారపు గోపురం, థేమ్స్ నది మీది వంతెనలు చూచి వస్తే ఆ దేశం చూచినట్లేనని చాలామంది భావిస్తారు. చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు అక్కడ స్థిరపడిన పిల్లలను చూడడానికి హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం వంటి ఊళ్ళ నుండి కూడా నేడు తల్లిదండ్రులు వెళ్తున్నారు. వెళ్ళినవారు పౌండును రూపాయలలోకి మార్చి లెక్క వేసుకొంటారు. పౌండు విలువ వంద రూపాయలు దాటి ఉన్నందున, గడప దాటితే ఖర్చేనని భయపడి నెలల తరబడి నాలుగు గోడల మధ్యనే గడిపి తిరిగి వచ్చేవారు తక్కువేమీ కాదు.

అయితే ఆ దేశంలో చూడదగిన సంపద అధికభాగం పల్లెలలోనే ఉన్నది. దానిని చూడడానికి ప్రవేశ రుసుము లేదు. పచ్చిక బయళ్ళు, రాతి గోడల నడుమ గొర్రెల మందలు, వాగులు, కొండలు, వందల ఏళ్ళ నాటి చర్చీలు కాలినడకన వెళ్ళే వారికి ఉచితంగా కనబడతాయి. ఈ సౌలభ్యం ప్రకృతి ఇచ్చినది మాత్రమే కాదు. బాట, బస, బస్సు అనే మూడు ప్రజా వసతులు దానికి ఆధారం. ఈ మూడింటినీ సామాన్యులే పోరాడి, పూనుకొని సాధించుకొన్నారు. ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తెలుసుకొన్న యాత్రికుడు కొద్దిపాటి డబ్బుతోనే ఆ దేశపు పల్లెలను తృప్తిగా చూడగలడు.

బాట: దారిహక్కు స్వరూపం

మన పల్లెలలో పుంతదారి, డొంకదారి అనేవి ఉన్నాయి. ఇరువైపులా పొలాలు ఎవరివైనప్పటికీ పుంత మాత్రం ఊరందరిదీ. ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలోని కాలిబాటల వెనుక ఉన్న భావన ఇటువంటిదే. కానీ అక్కడ ఇంకొక విశేషం ఉన్నది. బాట పొలానికి పక్కగా పోవడమే కాక పొలం నడుమ నుండి, ఒక్కొక్కచోట రైతు ఇంటి పెరటి నుండి కూడా పోతుంది. నేల రైతుదే అయినా, దాని మీద నడిచే హక్కు ప్రజలది. విదేశీయులైనా స్వదేశీయులైనా ఎవరి అనుమతీ అడుగకుండా, పైసా చెల్లించకుండా ఆ బాటన నడువవచ్చును. ఈ రెండు ప్రాంతాలలో కలిపి ఇటువంటి బాటల పొడవు సుమారు 2,25,000 కిలోమీటర్లు.

రైతు పొలం దున్నినప్పుడు బాట చెరిగిపోతే ఏమవుతుందనే సందేహం సహజం. పొలం అంచున పోయే బాటను దున్నడానికే వీలులేదు. పొలం నడుమ పోయే కాలిబాటను మొదటిసారి దున్నిన 14 రోజులలోగా కనీసం ఒక మీటరు వెడల్పున తిరిగి ఏర్పరచాలని 1990 నాటి చట్టం చెప్పుచున్నది. అందువలన ఏపుగా పెరిగిన గోధుమ చేనులో సైతం పాపట తీసినట్లు సన్నని దారి కనబడుతుంది. ఆ దారి వెంట నడిచేవారిని రైతు తప్పుపట్టడు.

బాటలకు గుర్తులు ఉంటాయి. పసుపుపచ్చ బాణం కాలినడకకు మాత్రమే ఉద్దేశించిన దారిని చూపుతుంది. నీలి బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్ళు కూడా పోవచ్చును. ఓక్ చెట్టు కాయ బొమ్మ కనబడితే అది జాతీయ కాలిబాట అని అర్థం. కంచె అడ్డు వచ్చినచోట మనుషులు దాటి, పశువులు దాటలేని విధంగా కొయ్యమెట్లు గాని, తిరుగుడు తలుపు గాని అమర్చి ఉంటాయి.

ఆ హక్కు వచ్చిన తీరు

ఈ హక్కులలో కొన్ని అనాదిగా వచ్చినవి, కొన్ని పోరాడి తెచ్చుకొన్నవి. పందొమ్మిదవ శతాబ్దంలో ఊరుమ్మడి భూములు అనేకం కంచెల పాలయ్యాయి. ఉత్తర ఇంగ్లండులో విశాలమైన కొండనేలలను భూస్వాములు గ్రౌస్ అనే పక్షుల వేట కొరకు ప్రత్యేకించుకొని, కాపలాదారులను నియమించి, సామాన్యులను రానీయలేదు. మాంచెస్టరు, షెఫీల్డు నగరాల మిల్లు కార్మికులకు ఆరు రోజులు పొగ, ఏడవ రోజు సెలవు. ఆ ఒక్క రోజు స్వచ్ఛమైన గాలి పీల్చుకొందామంటే ఎదురుగా కనబడే కొండ మీదికి పోవడానికి వీలులేకపోయింది.

1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే యువకుని నాయకత్వంలో సుమారు 400 మంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచి వెళ్ళారు. కాపలాదారులతో పెనుగులాట జరిగింది. పట్టుబడిన వారిలో ఐదుగురికి రెండు నెలల నుండి ఆరు నెలల వరకు జైలుశిక్షలు పడ్డాయి. శిక్షల కాఠిన్యం చూచి అంతవరకు ఉదాసీనంగా ఉన్నవారు సైతం నడకరుల పక్షం వహించారు. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. ప్రతి స్థానిక అధికార సంస్థ తన పరిధిలోని బాటలను పటంలో నమోదు చేయాలని ఆ చట్టమే నిర్దేశించింది. కిండర్ స్కౌట్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ 1951లో మొట్టమొదటి జాతీయ ఉద్యానమైంది. 2000 సంవత్సరపు మరొక చట్టం కొండనేలలలో, రిజిస్టరైన ఊరుమ్మడి భూములలో బాట విడిచి స్వేచ్ఛగా తిరిగే హక్కును కల్పించింది.

స్కాట్లండులో ఈ హక్కు మరింత విశాలం. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం అక్కడ బాధ్యతతో మెలిగే వారు చాలావరకు ఏ నేల మీదనైనా నడువవచ్చును, గుడారం వేసుకొని రాత్రి గడుపవచ్చును. ఇంగ్లండులో అలా గుడారం వేయడానికి భూయజమాని అనుమతి కావలెను. డార్ట్‌మూర్ ఊరుమ్మడి భూములు దీనికి మినహాయింపు. అక్కడి హక్కు గురించి భూయజమానులు వేసిన వ్యాజ్యంలో 2025 మే నెలలో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రజల పక్షాననే తీర్పు చెప్పింది.

బస: ఒక బడిపంతులు తలపు

యాత్రలో అధిక వ్యయం రాత్రి బసకే అవుతుంది. దీనికి పరిష్కారం చూపినవాడు రిచర్డ్ షిర్మాన్ అనే జర్మను ఉపాధ్యాయుడు. 1909లో ఆయన తన విద్యార్థులను పాదయాత్రకు తీసుకొని వెళ్ళగా దారిలో తుఫాను గాలివాన పట్టుకొన్నది. ఆ రాత్రి ఒక పల్లె బడిలో తలదాచుకొన్నారు. సెలవులలో బడులు ఖాళీగానే ఉంటాయి గనుక, ఒక రోజు నడక దూరానికి ఒకటి చొప్పున పిల్లలకు బసలు ఏర్పాటు చేయవచ్చునన్న ఆలోచన ఆయనకు అప్పుడే కలిగింది. ప్రపంచవ్యాప్తమైన యూత్ హాస్టళ్ళకు అదే బీజం.

ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలో యూత్ హాస్టల్ సంఘం 1930లో ఏర్పడింది. తొలినాళ్ళలో రాత్రికి ఒక షిల్లింగు మాత్రమే తీసుకొనేవారు. బస చేసినవారే గదులు ఊడ్చి, పాత్రలు తోమి, తమ వంతు పని చేసి వెళ్ళేవారు. ఆ ఆనవాయితీ నేడు లేదు గాని, పొదుపు మాత్రం కొంతవరకు నిలిచి ఉన్నది. పేరులో యువత అని ఉన్నప్పటికీ వయోపరిమితి లేదు. అరవై ఏళ్ళు దాటిన దంపతులు కూడా నిస్సంకోచంగా ఉండవచ్చును.

అనేకులు కలిసి పడుకొనే గదిలో ఒక మంచానికి కాలాన్ని, చోటును బట్టి సుమారు 15 నుండి 35 పౌండ్ల వరకు అవుతుంది. నలుగురైదుగురు కుటుంబ సభ్యులు కలిసి ఒక గదిని తీసుకొంటే తలకు పడే భారం తగ్గుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన ప్రయోజనం వంటగది. చాలా హాస్టళ్ళలో పొయ్యి, పాత్రలు, శీతల పెట్టె అతిథుల వాడుక కొరకు ఉంటాయి. బియ్యం, కూరగాయలు కొని తెచ్చుకొని వండుకొంటే హోటలు ఖర్చు తప్పుతుంది. శుక్రవారం, శనివారం రాత్రులు, బడి సెలవులు ఉండే ఆగస్టు నెల విడిచిపెట్టి, సోమవారం నుండి గురువారం వరకు బసను ముందుగా నిర్ణయించుకొంటే ధర తగ్గుతుంది.

ఇవి గాక రైతులు పాత కొట్టాలను బాగుచేసి మంచాలు వేసిన బంక్‌హౌసులు, గుడారాల మైదానాలు ఇంకా చౌక. స్కాట్లండు కొండలలో బోతీ అనే ఉచిత కుటీరాలు ఉన్నాయి. 1965లో ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంఘం వందకు పైగా కుటీరాలను కాపాడుతున్నది. వాటిలో నీరు, విద్యుత్తు, మంచం ఏవీ ఉండవు. నాలుగు గోడలు, పైకప్పు మాత్రమే. కొండ నడకలో ఆరితేరిన వారికే అవి తగినవి.

బస్సు, రైలు: చౌకగా చేరే మార్గం

సొంత కారు లేనిదే ఇంగ్లండు పల్లెలు చూడలేమని అక్కడి వారే అంటూ ఉంటారు. ఆ మాటలో సగమే నిజం. 2023 జనవరిలో ఇంగ్లండు ప్రభుత్వం లండను వెలుపలి బస్సులలో ఒక ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీని 2 పౌండ్లుగా నిర్ణయించింది. 2025 జనవరి నుండి అది 3 పౌండ్లు అయినది. ఈ ఏర్పాటు 2027 మార్చి వరకు కొనసాగుతుందని ప్రకటించారు. పథకంలో చేరిన బస్సు ఎంత దూరం పోయినా, ఒక దిక్కున ఒక బస్సులో అంతకు మించి తీసుకోరు. ఊరికి ఊరు దాటి గంటన్నర ప్రయాణమైనా అదే మొత్తం. అక్కడి వృద్ధులకు ఉన్న ఉచిత బస్సు పాసు ఆ దేశ నివాసులకే గాని సందర్శకులకు వర్తించదు.

రైలు విషయంలో మూడు సూత్రాలు గుర్తుంచుకొంటే చాలు. మొదటిది, ఉదయపు రద్దీవేళ దాటిన తరువాత బయలుదేరడం. సాధారణంగా తొమ్మిదిన్నర దాటితే టికెట్టు చౌక. రెండవది, దూరప్రయాణానికి కొన్ని వారాల ముందే టికెట్టు కొనడం. మూడవది, రైల్‌కార్డు. అరవై దాటిన వారికి సీనియర్ కార్డు, ఇద్దరు ఎప్పుడూ కలిసి ప్రయాణించేటట్లయితే టూ టుగెదర్ కార్డు ఉన్నాయి. వీటికి పౌరసత్వంతో పనిలేదు. వయస్సు రుజువుకు పాస్‌పోర్టు సరిపోతుంది. ఏడాదికి 35 పౌండ్లు చెల్లిస్తే ఎక్కువ టికెట్ల మీద మూడవ వంతు తగ్గుతుంది. ఒకటి రెండు దూరప్రయాణాలు చేసినా కార్డు ఖర్చు తిరిగి వచ్చినట్లే. ముగ్గురు మొదలు తొమ్మిది మంది వరకు కలిసి వెళ్తే, అనేక రైళ్ళలో కార్డు లేకుండానే గుంపు రాయితీ లభిస్తుంది.

పల్లె బస్సులలో ఒక చిక్కు ఉన్నది. ఆదివారాలు బస్సులు అరుదు. సాయంత్రం ఆరు దాటితే అనేక ఊళ్ళకు అసలే ఉండవు. కనుక నడక ప్రారంభించే ముందు తిరుగు ప్రయాణపు చివరి బస్సు వేళను కాగితం మీద వ్రాసుకోవాలి. దానికి ఒక బస్సు ముందుదే తనకు చివరిదని భావించుకోవడం వివేకం.

పటం లేని నడక ప్రమాదం

ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ 1791 నుండి పటాలు తయారు చేయుచున్నది. నడకకు నారింజ రంగు అట్టగల ఎక్స్‌ప్లోరర్ పటం మేలు. అందులో నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరుకు సమానం. ప్రజల బాటలు ఆకుపచ్చని చుక్కగీతలతో చూపబడి ఉంటాయి. పొలాల గట్లు, కంచెలు సైతం కనబడతాయి. కొత్త పటం కొనలేనివారు స్థానిక గ్రంథాలయంలో విచారించడం మంచిది. అనేక గ్రంథాలయాలలో అవి చూడడానికి లభిస్తాయి. చేతిఫోను ఉన్నప్పటికీ, కొండలోయలలో సంకేతాలు అందవు గనుక కాగితపు పటం దగ్గర ఉండాలి.

మొదటిసారి వెళ్ళేవారికి అనువైన చోట్లు

డార్కింగ్, బాక్స్ హిల్: లండనుకు దక్షిణాన రైలులో సుమారు గంట ప్రయాణం. తెలుగువారికి ఈ ఊరితో ఒక ప్రత్యేక బంధం ఉన్నది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ తన చివరి సంవత్సరాలు ఇక్కడే గడిపి, 1899 జూలై 24న ఇక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి డార్కింగ్ శ్మశానవాటికలో ఉన్నది. కావేరి, కొల్లడం నదుల మీది పనుల వలన తమిళనాడులోని తెలుగువారికీ, గోదావరి నీటి వలన యానాం వారికీ ఆయన పేరు సుపరిచితం. సమాధిని దర్శించిన తరువాత పొరుగునే ఉన్న బాక్స్ హిల్ ఎక్కవచ్చును. ఎత్తు 224 మీటర్లు మాత్రమే. 1914లో ఈ కొండ నేషనల్ ట్రస్ట్ చేతికి, అంటే ప్రజల వాడుకకు వచ్చింది. నడిచి వచ్చే వారికి రుసుము లేదు. కారు నిలుపుదలకు మాత్రం చెల్లించాలి. పైనుండి మోల్ నదీలోయ, దూరాన అడవులు, మధ్యలో ఊళ్ళు కనువిందు చేస్తాయి. ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చును గనుక బస ఖర్చు కూడా లేదు.

ఎడేల్, పీక్ డిస్ట్రిక్ట్: మాంచెస్టరు, షెఫీల్డు నగరాల మధ్య నడిచే రైలు ఈ చిన్న పల్లెలో ఆగుతుంది. స్టేషను దాటిన కొద్ది దూరంలోనే కాలిబాట మొదలు. 636 మీటర్ల ఎత్తు గల కిండర్ స్కౌట్ ఇక్కడిదే. ఇంగ్లండు మొదటి జాతీయ కాలిబాట అయిన పెనైన్ వే ఈ ఊరి నుండే ప్రారంభమై, 431 కిలోమీటర్లు సాగి స్కాట్లండు సరిహద్దు దాటి ముగుస్తుంది. టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు 1935లో ఒక వ్యాసంలో ఈ బాటను ప్రతిపాదించగా, ముప్పది ఏళ్ళకు, 1965 ఏప్రిల్ 24న అది ప్రారంభమైంది. కొండ మీద బురద, పొగమంచు ఎక్కువ. అనుభవం లేనివారు లోయలోని పొలాల బాటలకు పరిమితం కావడం క్షేమం.

గ్రాస్‌మియర్, లేక్ డిస్ట్రిక్ట్: ఆంగ్ల వాచకాలలో వర్డ్స్‌వర్త్ పేరు వినని విద్యార్థి ఉండడు. ఆ కవి నివసించిన డవ్ కాటేజీ, ఆయన సమాధి ఉన్న చర్చి ఈ ఊళ్ళోనివే. ఇంటి లోపలికి టికెట్టు ఉన్నది. సమాధిని చూడడానికి, చెరువుల చుట్టూ నడవడానికి లేదు. విండర్‌మియర్ వరకు రైలు పోతుంది. అక్కడి నుండి 555 నంబరు బస్సు ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా కెజిక్ వరకు పోతుంది. కొండల నడుమ ఆ బస్సు మీది అంతస్తులో కూర్చొని చేసే ప్రయాణమే ఒక యాత్ర. ఈ ప్రాంతానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. అందువలన రద్దీ ఎక్కువ. మే, సెప్టెంబరు నెలలు మేలైనవి.

సెటిల్–కార్లైల్ రైలుమార్గం, యార్క్‌షైర్ డేల్స్: 1876లో ప్రయాణికుల కొరకు తెరచిన ఈ మార్గాన్ని 1980లలో మూసివేయదలచారు. ప్రజల ఉద్యమం వలన 1989లో ఆ ప్రయత్నం విరమించుకొన్నారు. రిబుల్‌హెడ్ వద్ద 24 కమానుల వంతెన మీదుగా రైలు పోతుంది. చిన్న స్టేషనులో దిగి, కొండల నడుమ నడిచి, తరువాతి స్టేషనులో మళ్ళీ రైలు ఎక్కడం ఇక్కడి నడకరుల పద్ధతి.

పెద్దవయస్సు వారికి

మోకాళ్ళ నొప్పులు గలవారు కొండలెక్కనక్కరలేదు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలోని పాత పడవల కాలువల గట్ల వెంట చదునైన బాటలు ఉన్నాయి. ఒకప్పుడు గుర్రాలు ఆ గట్ల మీద నడుస్తూ పడవలను లాగేవి. తాళ్ళతో పడవలు లాగిన గోదావరి, బకింగ్‌హామ్ కాలువల చరిత్ర తెలిసినవారికి ఆ దృశ్యం సులభంగా ఊహకు అందుతుంది. మూతపడిన రైలుమార్గాలను కూడా నడకబాటలుగా మార్చారు. పీక్ డిస్ట్రిక్ట్‌లోని మాన్సల్ ట్రెయిల్ అటువంటిదే. సుమారు 13 కిలోమీటర్ల ఆ బాటలో 2011లో తిరిగి తెరచిన సొరంగాలు ఉన్నాయి. ఎత్తుపల్లాలు లేనందున నిదానంగా నడచి, ఓపిక ఉన్నంత దూరం పోయి, తిరిగి రావచ్చును.

ఆహారం, సామగ్రి

కుళాయి నీరు నిర్భయంగా త్రాగవచ్చును. సీసా నింపుకొని వెళ్తే నీటి ఖర్చు లేదు. పల్లె హోటళ్ళలో భోజనం ఖరీదైనది. పులిహోర, చపాతీలు, కూర కట్టుకొని వెళ్ళి కొండగట్టున తినడానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. శాకాహారులు హోటలులో తినదలిస్తే, కాల్చిన బంగాళాదుంప మీద వెన్న, చిక్కుడు గింజలు వేసి ఇచ్చే జాకెట్ పొటాటో చౌకలో కడుపు నింపుతుంది.

స్వదేశం నుండి తీసుకొనివెళ్ళే వాటి విషయంలో జాగ్రత్త అవసరం. మాంసపు పదార్థాలు, పాల పదార్థాలు మన దేశం నుండి తీసుకొనిపోవడం నిషిద్ధం. నెయ్యి, పాలకోవా కూడా ఈ నిషేధం క్రిందికే వస్తాయి. తాజా మామిడిపండ్లు, కరివేపాకు వంటివాటికీ ఆంక్షలు ఉన్నాయి. కందిపొడి, కారప్పొడి, నెయ్యి లేని పచ్చళ్ళు గట్టిగా మూతవేసి తీసుకొనిపోవచ్చును.

వానకోటు, నీరు చొరని బూట్లు, పలుచని దుస్తులు రెండు మూడు పొరలుగా ధరించడం తప్పనిసరి. ఒకే రోజు ఎండ, వాన, చలిగాలి మూడూ రావచ్చును. జూను నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. నడక వేళను దీనికి తగినట్లు నిర్ణయించుకోవాలి.

వీసా, వైద్యం

భారతీయులకు వీసా తప్పనిసరి. సందర్శక వీసా మీద సాధారణంగా ఒక రాకకు ఆరు నెలల వరకు ఉండవచ్చును. రుసుము తరచుగా మారుతుంది గనుక ప్రభుత్వ ప్రకటనను చూచి దరఖాస్తు చేయాలి. చౌకగా ఉండవచ్చునన్న ఆశతో కొందరు పొలాలలో పనిచేసి, బదులుగా తిండి, బస పొందే ఏర్పాట్లకు మొగ్గుతారు. సందర్శక వీసా మీద అటువంటి పని నియమవిరుద్ధం. జీతం లేకపోయినా అది పనిగానే పరిగణింపబడుతుంది. పట్టుబడితే ముందుముందు వీసా దొరకడమే కష్టమవుతుంది.

ఆసుపత్రిలో చేరవలసి వస్తే సందర్శకులు భారీగా చెల్లించవలసి ఉంటుంది. కనుక ప్రయాణ బీమాను పొదుపు జాబితా నుండి తొలగించరాదు. ఆపదలో 999 నంబరుకు ఫోను చేసి పోలీసులను, వారి ద్వారా కొండ రక్షకదళాన్ని కోరవచ్చును. ఆ దళాల సభ్యులు స్వచ్ఛంద సేవకులు, రక్షించినందుకు రుసుము తీసుకోరు.

దారిలో నడవడిక

తెరచి ఉన్న తలుపును తెరచి, మూసి ఉన్నదానిని మూసి వెళ్ళాలి. చెత్తను వెంట తిరిగి తెచ్చుకోవాలి. దూడలతో ఉన్న ఆవుల మంద కనబడితే దూరంగా చుట్టి పోవాలి. మన ఆవుల సాధుత్వాన్ని తలచుకొని చేరువకు పోరాదు, అక్కడ ఆవులు కుమ్మిన సంఘటనలు ఉన్నాయి. దారి పక్కన నెటిల్ అనే మొక్క దూలగొండి వలె మంట పుట్టిస్తుంది. గడ్డి, పొదలలో తిరిగి వచ్చిన తరువాత కాళ్ళకు పిడుదులు అంటుకొన్నవేమో చూచుకోవాలి. వాటి వలన లైమ్ అనే వ్యాధి రావచ్చును. ఎదురైనవారిని పలకరించడం అక్కడి పల్లె మర్యాద. చిరునవ్వుతో ఒక్క మాట చెప్తే చాలు, బస్సు వేళల నుండి వాన జాడ వరకు వారే చెప్తారు.

నడిస్తేనే నిలిచే దారి

ఈ వసతులన్నీ శాశ్వతమని అనుకోరాదు. 2023లో యూత్ హాస్టల్ సంఘం ఆర్థిక ఇబ్బందుల వలన ఇరవై హాస్టళ్ళను అమ్మకానికి పెట్టింది. ప్రయాణికులు లేరన్న కారణంతో పల్లె బస్సులు ఒక్కొక్కటిగా రద్దవుతూ వచ్చాయి. పటాలకెక్కని పాత బాటలను ఒక గడువులోగా నమోదు చేయకపోతే హక్కు పోతుందని 2000 నాటి చట్టంలో ఒక నియమం చేర్చారు. ఆ గడువును ఎత్తివేయదలచినట్లు ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. అంతవరకు స్వచ్ఛంద సేవకులు పాత పటాలు, దస్త్రాలు వెదకి దరఖాస్తులు పెడుతూ వచ్చారు.

ఆ దేశపు చట్టంలో గమనింపదగిన సూత్రం ఒకటి ఉన్నది. ఒక దారిని ప్రజలు ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా, హక్కుగా నడిచినట్లయితే, భూయజమాని దానిని ప్రజలకు విడిచినట్లే సాధారణంగా భావిస్తారు. అడుగులే అక్కడ సాక్ష్యం. బస్సు ఎక్కేవారు ఉంటేనే బస్సు, పడుకొనేవారు ఉంటేనే హాస్టలు నిలుస్తాయి. మూడు పౌండ్ల టికెట్టు కొని, హాస్టలు వంటింట్లో అన్నం వండుకొని, పొలాల నడుమ పసుపు బాణం వెంట నడిచే సందర్శకుడు డబ్బు మిగుల్చుకొంటున్నాడు, నిజమే. ఆ బాట, ఆ బస, ఆ బస్సు మరొకరి కొరకు మిగలడంలో ఆయన పాలు కూడా కొంత ఉంటుంది.